సిద్దక్క చేతి కింద

1961వ సంవత్సరం జూన్ నెల మొదటి సోమవారం ఉదయం ఏడు గంటలకు నేను బళ్లారిలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. నా పెట్టెలో మద్రాసులో చదివి సంపాదించిన పట్టా ఉన్నది. ప్రసూతి శాస్త్రంలో ప్రథమురాలిగా నిలిచినందుకు ఇచ్చిన వెండి పతకమూ ఉన్నది. యూనిఫారానికి నేనే గంజి పెట్టి, నేనే ఇస్త్రీ చేసుకున్నాను. టోపీ అంచు ఎక్కడా వంగలేదు. నర్సులు ధరించే చిన్న వాచీ ఎడమవైపు జేబు మీద తలకిందులుగా వేలాడుతున్నది.

నియామకపు ఉత్తర్వులో ఒక షరతు ఉన్నది. మూడు నెలలు పూర్తయ్యాక వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు, “ఈ అభ్యర్థినిని వార్డులో ఒంటరిగా వదలవచ్చును” అని ఉన్న పత్రం మీద సంతకం చేయాలి. సంతకం లేకపోతే ఉద్యోగం లేదు. మా నాన్నగారు వెంకటప్పయ్యగారు గుంటూరు జిల్లా నుంచి వచ్చి, రూపనగుడికి ఆవల కాలువ కింద భూమి కొని వరి పండిస్తున్న రైతు. ఆడపిల్ల ఆసుపత్రిలో పరుల బట్టలు మార్చడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. నన్ను బస్సు ఎక్కిస్తూ, “సర్కారువాళ్లు నిన్ను ఉంచుకుంటే సరేనమ్మా. వద్దన్నారో, ఇక ఈ ఊసు ఎత్తకుండా ఇంటికొచ్చెయ్యాలి” అన్నారు. నేను అంగీకరించాను. సంతకం రాకపోవడం నా విషయంలో సంభవించగలదని నాకు తోచనే లేదు.

ఆ సంతకం చేయవలసిన మనిషి సిద్దక్క. యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. వెడల్పైన అరచేతులు, నీళ్లలో నాని నాని ముడతలు పడిన వేళ్లు. పాతకాలపు చిన్న నర్సింగు పరీక్ష ఒక్కటే ప్యాసై, ఇరవై ఆరేళ్లుగా అదే వార్డులో పని చేస్తున్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చింది. ఇంగ్లీషులో అంకెలు, మందుల పేర్లు తప్ప చదవలేదు. టోపీ కొంచెం పక్కకు ఒరిగి ఉండేది.

“ఏం పేరు పాపా?” అని అడిగింది.

“ఝాన్సీలక్ష్మి అండి. నేను మద్రాసులో—”

“మద్రాసు యాడికీ పోదులే. ముందు ఆ వాచీ తీసి జోబులో పెట్టుకో.”

“నాడి లెక్కించడానికి వాచీ అవసరమండి.”

“అవసరమే. ఎవురు గాదన్నారు? దాన్ని సూసేటప్పుడు నువ్వు మనిషిని సూడవు. పదైదు దినాలు మనిషిని సూడు, తర్వాత వాచీని సూద్దువు. ఇంగొకటి, నన్ను అండీ అండీ అనొద్దు తల్లీ. మొగుణ్ణి పిలిచినట్ల ఉండాది.”

ఇరవై రెండు మంచాల మీద ఉన్న స్త్రీలలో నవ్వగలిగినవారందరూ నవ్వారు. నేను వాచీ తీసి జేబులో వేసుకున్నాను. అవమానంతో చెవులు వేడెక్కాయి.

వాచీకన్న నన్ను ఎక్కువగా నొప్పించినది ఆ తరువాత జరిగిన తంతు. సిద్దక్క నా కుడి మణికట్టు పట్టుకొని మొదటి మంచం దగ్గరకు నడిపించింది. దుప్పటి తొలగించి, నా చేతిని బాలింత పొట్ట మీద, బొడ్డుకు కొంచెం దిగువన ఉంచింది. దాని మీద తన చెయ్యి పెట్టింది. అప్పుడు ఆ బాలింతతో, “ఇది నా చెయ్యే. నేను లేనప్పుడు ఈ పాపే నేను” అన్నది. ఆమె తల ఊపింది. రెండో మంచం, అదే మాట. మూడో మంచం, అదే మాట. ఇరవై రెండు మంచాల దగ్గరా అదే మాట. కొత్త రోగి వచ్చిన ప్రతిసారీ మళ్లీ అదే తంతు.

దానికి కారణం నాకు ఆయాలలో ఒకామె చెప్పింది. ఆ ప్రాంతపు పల్లెలలో పెళ్లికాని పిల్లకు కాన్పు సంగతులు చెప్పరు. కాన్పు రక్తం చూడనివ్వరు. చూస్తే ఆ పిల్లకే కీడని వాళ్ల నమ్మకం. నా కాలికి మెట్టెలు లేవు. నేను వార్డులో అడుగుపెట్టగానే ఇరవై రెండు జతల కళ్లు మొదట నా కాలివేళ్లనే చూశాయట. సిద్దక్క తన చేతిని నా చేతిమీద పెట్టి ఆ మాట చెబితేనే వాళ్లు నా ఎదుట దుప్పటి తొలగిస్తారు.

ఆ చెయ్యి పైన ఉండగా నేను నేర్చుకుంటున్నది ఎంతటిదో అప్పుడు గ్రహించలేదు. కాన్పు తరువాత గర్భాశయం ముడుచుకొని గట్టిపడాలి. మెత్తగా ఉంటే లోపల రక్తనాళాలు తెరుచుకొనే ఉన్నాయన్నమాట. ఇది పుస్తకంలో ఉన్నది. నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సిద్దక్క మాత్రం నా వేళ్లను తన వేళ్లతో మెల్లగా నొక్కి, “ఇది వెలగకాయ. మంచిది” అనేది. ఇంకొక మంచం దగ్గర, “ఇది అలిసిపోయి ఉండాది. గంటకొకసారి వచ్చి పలకరించు” అనేది. నాకు రెండూ ఒకేలా తోచేవి. తేడా లేని చోట తేడా ఉన్నట్లు చెబుతున్నదని, చదువు లేనివారు అనుభవం పేరుతో ఇట్లాగే గొప్పలు పోతారని అనుకున్నాను.

పదహారో రోజున వాచీ తిరిగి తగిలించుకొని ఆమె ఎదుట నిలబడ్డాను.

“అక్కా, ఇకమీదట ప్రతి మంచం దగ్గరా నన్ను పరిచయం చేయనవసరం లేదు. ఈ యూనిఫారమే నా పరిచయం.”

సిద్దక్క మడుస్తున్న బట్టను మడిచి పక్కన పెట్టింది.

“సరే తల్లీ. యూనిఫారం ఏమంటాదో సూద్దాం” అన్నది. కోపం లేదు, ఎగతాళీ లేదు. మిగిలిన బట్టలు మడిచి వెళ్లిపోయింది.

రెండు రోజుల తరువాత హగరి దగ్గరి పల్లె నుంచి ఉచ్చంగెమ్మ అనే ఆమె తెల్లవారుజాము రైలులో నొప్పులతో వచ్చింది. తోడుగా వచ్చినది అత్త దురుగమ్మ. నాలుగో కాన్పు. పది గంటలకు ఆడపిల్ల పుట్టింది. ఇబ్బందేమీ కలగలేదు. ఆమెను ఎనిమిదో మంచం మీదికి మార్చాము. సిద్దక్క వచ్చి బిడ్డను చూసింది, తల్లి పొట్ట తడిమింది, నా వైపు ఒకసారి చూసి వెళ్లింది. నేను కోరినట్లే పరిచయం చేయలేదు.

ఒంటిగంటకు బిడ్డ అడ్డం తిరిగిన ఒక కాన్పు కోసం డాక్టరమ్మ, సిద్దక్క, ఆయాలిద్దరూ కాన్పు గదిలోకి వెళ్లారు. వార్డు నా చేతిలో ఉన్నది. రెండు గంటలకు నేను చార్టులు పట్టుకొని మంచం మంచానికీ వెళ్లడం మొదలుపెట్టాను. ఎనిమిదో మంచం దగ్గర నాడి చూశాను, ఎనభై ఎనిమిది. వేడి లేదు. దుప్పటి అంచు పట్టుకున్నాను.

“యాడికమ్మా చెయ్యి పెడతాండావు?” అన్నది దురుగమ్మ.

“దుప్పటి తీసి చూడాలి.”

“నీకు పెండ్లయిందా?”

“లేదు. అయినా దానితో—”

“మెట్టెలు లేవని నేను పొద్దున్నే సూసినా. వద్దు తల్లీ. పెండ్లిగాని పిల్ల కానుపు నెత్తురు సూడగూడదు. నీ మింద నాకేం కోపం? నీ మంచికే సెప్తాండా. సిద్దక్క వచ్చి సూసుకుంటాదిలే.”

ఆమె నిజంగానే నా మేలు కోరి చెబుతున్నది. ఆ దయకు ఎట్లా ఎదురు చెప్పాలో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేను ఉచ్చంగెమ్మ వైపు తిరిగి, “రక్తం ఎక్కువగా పోతున్నదా?” అని అడిగాను. ఆమె అత్త ముఖం చూసి, నా ముఖం చూసి, చూపు దించుకుంది.

“ఏం లేదక్కా. బాగుండాను” అని చెప్పి, ఆవలించింది.

సిద్దక్కను పిలిస్తే నా మాట నేను వెనక్కు తీసుకున్నట్లవుతుంది. పక్కమీద పరిచిన దుప్పటి తెల్లగా, శుభ్రంగా కనబడుతున్నది. నేను చార్టు తీసి చక్కని అక్షరాలతో ఇంగ్లీషులో రాశాను: “రెండు గంటలు. నాడి 88. స్రావం సాధారణం. గర్భాశయం గట్టిగా ఉన్నది.” చివరి రెండు వాక్యాలు నేను చూసినవి కావు, తాకినవి కావు. రాసి, సంతకం చేసి, తొమ్మిదో మంచానికి వెళ్లాను.

ఇరవై నిమిషాల తరువాత సిద్దక్క ఏదో పనిముట్టు కోసం కాన్పు గది నుంచి బయటకు వచ్చింది. మోచేతుల దాకా తడి. వార్డు గుమ్మం దాటుతూ నిలబడిపోయింది. గుమ్మానికీ ఎనిమిదో మంచానికీ మధ్య నలభై అడుగుల దూరం. ఆమె అక్కడినుంచే అడిగింది:

“పాపా, ఎనిమిదో మంచం యమ్మ ఎంతసేపట్నుంచి ఆవలిస్తాండాది?”

నాకు తెలియదు. నేను లెక్కించినది నాడిని. ఒంట్లో రక్తం తగ్గిపోతున్నప్పుడు మనిషి గాలి కోసం ఆవలిస్తుందన్న సంగతి పుస్తకంలో ఒక పేజీ అడుగున ఉన్నది. అది నాకు కంఠస్థం కూడా.

సిద్దక్క అప్పటికే మంచం దగ్గర ఉన్నది. దురుగమ్మ వెంటనే పక్కకు జరిగింది. పై దుప్పటి కింద, తమ పల్లె ఆచారం ప్రకారం, అత్త కోడలి పొట్టకు పాత చీరను బిగించి కట్టింది. నడుము కింద ఇంటినుంచి తెచ్చిన బొంతను నాలుగు మడతలు వేసి పెట్టింది. ఆసుపత్రి పక్క తడవకూడదన్న మర్యాద అది. పోయిన రక్తమంతా ఆ బొంత తాగింది. సిద్దక్క కట్టు విప్పి బొంతను లాగితే, అది బరువుగా, చప్పుడు చేస్తూ నేలమీద పడింది.

“డాక్టరమ్మా! ఎనిమిదికి నెత్తురు పోతాండాది! ఎర్గోమెట్రిన్ ఏస్తాండా!” అని అరిచింది.

“వెయ్యి!” అని లోపలినుంచి జవాబు వచ్చింది.

గర్భాశయాన్ని బిగించే ఆ ఇంజెక్షన్‌ను ఆమె వేసిన తీరు నేను చూడలేదు; అంత త్వరగా అయిపోయింది. తరువాత నా మణికట్టు పట్టుకున్నది. “దురుగమ్మా, ఇది నా చెయ్యే” అన్నది. “అట్లే తల్లీ, అట్లే” అన్నది దురుగమ్మ. నా చెయ్యి పొట్ట మీద పడింది, దాని మీద సిద్దక్క చెయ్యి పడింది. వెలగకాయ కోసం వెతికాను. లేదు. నానిన పిండిలో చెయ్యి పెట్టినట్లున్నది. ఎక్కడా ఒక అంచు లేదు. అప్పుడు తెలిసింది నాకు, పదిహేను రోజులు ఆమె నా వేళ్లకు చూపిన తేడా ఉన్నదని.

“రుద్దు. గుండ్రంగా. ఇంగా లోతుకు. బెదరాకు, యమ్మ విరిగిపోదు.”

ఇంతలో కాన్పు గది నుంచి డాక్టరమ్మ కేక: “సిద్దక్కా, నువ్వు లేనిదే ఇక్కడ కాదు, రా!”

సిద్దక్క ఒక క్షణం కాన్పు గది వైపు చూసింది. మరుక్షణం నా చేతి మీది చెయ్యి తీసేసింది.

“నేను పోతాండా. నువ్వు చెయ్యి తీయొద్దు. గట్టిపడినా తీయొద్దు. మెత్తబడితే మళ్లా రుద్దు. భయమైతే భయపడు, చెయ్యి మాత్రం తీయొద్దు.”

ఆ చెయ్యి లేచిపోయాక నా చెయ్యి ఎంత తేలికగా, ఎంత చిన్నగా అనిపించిందో నేటికీ గుర్తున్నది. రుద్దాను. గోడ గడియారం నా వెనక ఉన్నది. వాచీ చూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. అప్పుడు, నా అరచేతి కింద, లోతున, ఏదో కదిలింది. మొదట నా వేళ్లే వణికాయనుకున్నాను. కాదు. అది తనను తాను పోగుచేసుకుంటున్నది. నాలుగు వైపులనుంచీ దగ్గరకు వచ్చి, గుండ్రమై, బరువై, నా చేతిలోకి లేచి వచ్చింది. గట్టిగా. వెలగకాయలాగ.

నేను పుస్తకాలలో దాని బొమ్మలు వేశాను, రంగులు పూశాను, భాగాలకు పేర్లు రాశాను. ఇరవైకి పైగా కాన్పులు పరీక్షకుల ఎదుట చేశాను. ఒక జీవి తన ప్రాణాన్ని తాను పట్టుకోవడం నా చేతికి తెలిసినది మాత్రం ఆనాడే. గుడిలోనైనా నాకు అటువంటి భయభక్తులు కలగలేదు. ఇది ఇరవై ఆరేళ్లుగా ఆ పొట్టి మనిషి చేతికి ప్రతిరోజూ తెలుస్తున్నదా అని తలచి నిర్ఘాంతపోయాను.

అంతలోనే అది మళ్లీ సడలింది. రక్తపు గడ్డలు పడ్డాయి. మళ్లీ రుద్దాను. ఉచ్చంగెమ్మ పెదవులు తెల్లబడ్డాయి, కళ్లు మూతపడుతున్నాయి.

“దురుగమ్మగారూ, మంచం కాళ్ల వైపు ఎత్తి, ఆ మూలనున్న ఇటుకలు పెట్టండి. తరువాత ఆమెతో మాట్లాడుతూ ఉండండి. నిద్రపోనివ్వకండి.”

దురుగమ్మ ఇటుకలు తెచ్చి, ఒక్కతే భుజంతో మంచం ఎత్తి, కాలితో వాటిని కిందికి తోసింది. తరువాత కోడలి చెవి దగ్గర వంగింది.

“ఒసే ఉచ్చంగీ, ఏందే ఈ నిద్ర? ఇంటికాడ ఎనుమును ఎవురు పిండుతారే? నీకు తప్ప ఇంగెవురికీ పాలు చేపదు గదే ఆ ముండ. నిన్న నన్ను ఎట్ల తన్నెనో సూసినావు గదా!”

“నువ్వు... తోక పట్టుకుంటివి” అన్నది ఉచ్చంగెమ్మ కళ్లు తెరవకుండానే.

“తోక పట్టుకుంటే తన్నేదా? నా ఇంట్లో మేసి నన్నే తన్నేదా? లెయ్యి, లేసి అడుగు దాన్ని!”

ఉచ్చంగెమ్మ పెదవుల చివర నవ్వువంటిది కదిలింది. నా అరచేతి కింద గర్భాశయం మళ్లీ గట్టిపడింది. ఈసారి సడలలేదు. దురుగమ్మ తన చీర చెంగుతో నా నుదుటి చెమట తుడిచింది.

“చెయ్యి నొస్తాందా పాపా?”

“లేదు” అన్నాను. భుజం దాకా స్పర్శ పోయింది.

మూడున్నరకు కాన్పు గదిలో బిడ్డ ఏడుపు వినబడింది. సిద్దక్క వచ్చింది. నన్ను పక్కకు తప్పుకోమనలేదు. నా చేతి మీద తన చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని కొంతసేపు ఉన్నది. డాక్టరమ్మ వచ్చి సెలైన్ ఎక్కించింది. నాడి మెల్లగా దిగి నిలకడ పట్టింది. అప్పుడు సిద్దక్క, “ఇంగ తియ్యి” అన్నది. నా వేళ్లు విచ్చుకోలేదు. ఆమె ఒక్కొక్క వేలే పట్టుకొని చక్కచేసింది.

సాయంత్రం నేను ఎనిమిదో మంచం చార్టు ముందు నిలబడ్డాను. రెండు గంటలప్పుడు రాసిన నా వాక్యాలు అక్కడే ఉన్నాయి. డాక్టరమ్మ ఇంకా చూడలేదు. సిద్దక్క ఇంగ్లీషు వాక్యాలు చదవలేదు. స్రావం రెండు గంటల తరువాతనే మొదలైందని ఎవరైనా నమ్ముతారు. సంతకం కావలసిన పత్రం సిద్దక్క బీరువాలో ఉన్నది. నాన్నగారి మాట గుర్తు వచ్చింది. అయినా ఆ వాక్యాలు అట్లా ఉండగా రేపు ఇంకొక పొట్ట మీద ఈ చెయ్యి పెట్టలేననిపించింది. ఆ రెండు వాక్యాల మీద గీత గీసి, కింద రాశాను: “రెండు గంటలకు నేను దుప్పటి తీసి చూడలేదు. పొట్ట తాకలేదు. చూడకుండానే సాధారణమని రాశాను.” సంతకం చేసి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

ఆమె చదివింది. సిద్దక్కకు అర్థమయ్యేటట్లు తెలుగులో మళ్లీ చదివింది.

“చూడకుండా రాశావా?”

“అవునండి.”

“మనిషి పోయి ఉంటే?”

డాక్టరమ్మ సిద్దక్క వైపు తిరిగింది. “ఈమె పత్రం నీ దగ్గరే ఉంది కదా. పంపించెయ్యమంటావా?”

సిద్దక్క తడి చేతులు తుడుచుకుంటూ, “ఆ పత్రంలో రాసేది నేనే గానీ డాక్టరమ్మా, చెప్పాల్సింది నేను గాదు. వార్డు చెప్పాల. ఉండనీ, దినాలు ఉండాయి గదా” అన్నది.

మరునాడు నేనే ఆమె ఎదుటికి వెళ్లి మణికట్టు చాపాను.

“ఏమనె తల్లీ, యూనిఫారం?”

“ఏమీ అనలేదక్కా.”

“అది ఎప్పుడూ అంతే. మాట్లాడదు” అని నవ్వి, నన్ను మొదటి మంచం దగ్గరకు తీసుకువెళ్లింది. ఆ రోజునుంచి ఆమె చెయ్యి పైన ఉన్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టి విన్నాను. చెవులతో కాదు. ఏ పొట్ట అలిసి ఉన్నదో, ఏది సణుగుతున్నదో, ఏది నిశ్చింతగా నిద్రపోతున్నదో ఆమె వేళ్లు చెబుతుంటే, ఇంత లోకం ఇంత చిన్న తావులో ఇమిడి ఉన్నదా అని నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

కాన్పు అయిన పన్నెండో రోజున ఉచ్చంగెమ్మను ఇంటికి పంపుతున్నాము. దురుగమ్మ మూటలు కడుతున్నది. తొమ్మిదో మంచం మీద ఉదయమే కాన్పు అయిన కొట్రమ్మ అనే చిన్న పిల్ల ఉన్నది; తొలిచూలు. నేను చూడడానికి వెళ్లాను. ఈ కొత్త రోగి దగ్గరకు మాత్రం సిద్దక్క నా వెంట రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి, ఎందుకో, బట్టలు మడుస్తున్నది.

కొట్రమ్మ నా కాళ్లవైపు చూసి దుప్పటి గొంతు దాకా లాక్కున్నది. “వద్దక్కా. నీకు పెండ్లి గాలేదు గదా” అన్నది.

నేను గుమ్మం వైపు చూశాను. సిద్దక్క తల ఎత్తలేదు.

అప్పుడు దురుగమ్మ మూట వదిలి లేచి వచ్చింది. నా కుడి మణికట్టు పట్టుకున్నది. సిద్దక్క పట్టుకున్న చోటే, అంత గట్టిగానే. “తియ్యే దుప్పటి. ఏం సిగ్గు? ఇది సిద్దక్క చెయ్యే. నేను నా కండ్లార సూసినా” అని, నా చేతిని కొట్రమ్మ పొట్ట మీద పెట్టి, పైన పేడకూ పాలకూ అలవాటుపడిన తన గరుకు చెయ్యి పెట్టి నొక్కింది.

కొట్రమ్మ దుప్పటి వదిలింది. నా వేళ్ల కింద వెలగకాయ ఉన్నది. చాలా చిన్నది, చాలా గట్టిది. నాకు కళ్లు మసకబారాయి. చెయ్యి మాత్రం తీయలేదు.

ఆ మధ్యాహ్నం సిద్దక్క బీరువా తెరిచి ఆ పత్రాన్ని తీసి, బల్ల మీద పరిచి, కలం ఒత్తిపట్టి తన పేరును తెలుగులో రాసింది. తేదీ వేయవలసిన చోటు ఖాళీగా వదిలింది.

“తేదీ సెప్టెంబరులో ఏస్తాలే. సర్కారుకు మూడు నెలలు కావాల గదా” అన్నది.

నిబంధనల ప్రకారం అది సక్రమమైన పద్ధతి కాదు. నా నలభై సంవత్సరాల ఉద్యోగ జీవితంలో నేను అభ్యంతరం చెప్పని సక్రమం కాని సంతకం అదొక్కటే.

“పదో మంచం యమ్మ పిలుస్తాండాది. పో” అన్నది సిద్దక్క.

వెళ్లాను. వెనక ఆమె అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టి విన్నాను. రాలేదు.